లెక్కతో పాటు కారణమూ రాయండి: యాక్చువరీల వికీపై పాఠకుల ప్రశ్నలు

బీమా, పింఛను లెక్కలు కట్టే యాక్చువరీలు తమకు తెలిసింది ఒకచోట రాసుకుని పంచుకోవడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వికీ అంటే చదివేవాళ్లే దిద్దగలిగే పేజీల సంపుటి; ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా అందులో నిలిచి ఉంటుంది. 1995లో వార్డ్ కనింగ్‌హామ్ మొదటి వికీని తెరిచింది కూడా ప్రోగ్రామర్లు తమ వృత్తి మెళకువలు ఒకరికొకరు చెప్పుకోవడానికే. ఒకే తీరు ప్రశ్నలను కలిపి కింద జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా రిజర్వింగ్ టీమ్‌లో (ఇంకా కట్టాల్సిన క్లెయిములకు పక్కన పెట్టే సొమ్మును, అంటే రిజర్వును, అంచనా వేసే బృందంలో) ఎనిమిది మందిమి. కిందటేడు వికీ తెరిచి జీవిత బీమా, సాధారణ బీమా, పింఛన్లు, పెట్టుబడులు అని విభాగాలు పెట్టాం. మొదటి నెలలో కొన్ని పేజీలు వచ్చాయి. తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఎక్కడ తప్పింది?

జవాబు: విభాగాలతో మొదలుపెట్టిన చోటే తప్పింది. ‘పింఛన్లు’ అని ఒక విభాగం పెట్టగానే దాన్ని నింపే బాధ్యత అందరిదీ అవుతుంది, అంటే ఎవరిదీ కాదు. ఏం రాయాలో తోచక పాఠ్యపుస్తకంలోని నిర్వచనం ఎక్కిస్తారు. ఆ నిర్వచనం అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ ఆ పేజీ తెరవరు.

మీకు కావలసిన సరుకంతా మీరు ఒకరినొకరు అడిగే ప్రశ్నల్లో ఉంది. త్రైమాసికం లెక్కలు ముగించే వారంలో ఎవరు ఎవరిని ఏం అడిగారో ఒక కాగితం మీద రాసుకోండి. ‘మోటార్ ట్రయాంగిల్‌లో సాల్వేజ్ వసూళ్లు తీసేసి ఉన్నాయా?’, ‘రీఇన్సూరెన్స్ వాటాను ఏ తేదీ మారకపు రేటుతో మార్చాం?’, ‘మూసేసిన క్లెయిమ్‌ను తిరిగి తెరిస్తే కొత్త నంబరు పడుతుందా, పాతదే ఉంటుందా?’ ఇలాంటివి వస్తాయి. (ట్రయాంగిల్ అంటే ఒక్కో ఏడాది క్లెయిముల చెల్లింపులు కాలంతో ఎలా పెరిగాయో చూపే పట్టిక; సాల్వేజ్ అంటే పాడైన బండిని అమ్మితే వచ్చే సొమ్ము; రీఇన్సూరెన్స్ అంటే బీమా సంస్థ తన నష్టభయంలో కొంత మరో సంస్థకు అప్పజెప్పడం.) రెండుసార్లు అడిగిన ప్రతి ప్రశ్నా ఒక పేజీ. పది పన్నెండు పేజీలతో మొదలైతే చాలు. పేజీ పేరును కూడా ప్రశ్నగానే ఉంచండి, ఎందుకంటే అవసరం పడ్డప్పుడు మనిషి వెతికేది ఆ మాటలతోనే. విభాగాలు యాభై పేజీలు దాటాక వాటంతట అవే కనిపిస్తాయి.

లెక్కలు ముగించే వారంలో రాయమంటే ఎవరూ రాయరు, రాయమని అడగడమూ న్యాయం కాదు. సంతకాలు అయిన మర్నాడు అందరూ కలిసి ఒక గంట కూర్చోండి. అప్పటికి కారణాలు ఇంకా మనసులో ఉంటాయి. రెండు వారాలు దాటితే అంకెలు మిగులుతాయి, కారణాలు పోతాయి. ముగింపు పనుల చెక్‌లిస్టులో ‘సంబంధిత వికీ పేజీ సరిచూశాం’ అని ఒక వరస చేర్చండి. అది టిక్ కాకుండా ఆ పని అయినట్టు కాదు. ప్రతి పేజీ పైన ఒక బాధ్యుడి పేరు, చివరిగా సరిచూసిన తేదీ ఉండాలి. దిద్దే హక్కు మాత్రం ఎనిమిది మందికీ ఉండాలి. బాధ్యుడు ఒక్కడే దిద్దాలంటే ఆయన సెలవు పెట్టిన రోజున తప్పు అలాగే ఉండిపోతుంది.

వికీ ఎండిపోయేలా చేసేది ఇంకొకటి ఉంది: చాట్‌లో జవాబివ్వడం. ఎవరైనా అడిగితే జవాబును ముందు పేజీలో రాసి, చాట్‌లో లింకు మాత్రమే పంపండి. అనుభవజ్ఞులు ఈ అలవాటు పట్టుకుంటే చిన్నవాళ్లు తప్పకుండా పట్టుకుంటారు. చిన్నవాళ్లకు మాత్రమే అప్పజెబితే అది నిలబడదు. ఎన్ని పేజీలున్నాయని లెక్కపెట్టకండి. కిందటి త్రైమాసికంలో అడిగిన ప్రశ్న ఈసారి మళ్లీ అడగాల్సి వచ్చిందా అని చూడండి.

ప్రశ్న: చెయిన్ లాడర్, బోర్న్‌హ్యూటర్-ఫెర్గూసన్ లాంటి రిజర్వు లెక్క పద్ధతులు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. వాటికి మళ్లీ మేం పేజీలు రాయడం వృథా కాదా? రాస్తే అందులో ఏం ఉండాలి?

జవాబు: సూత్రం ఒక్కటే రాస్తే వృథానే. బోర్న్‌హ్యూటర్, ఫెర్గూసన్‌ల పత్రం 1972లో వచ్చింది. చెయిన్ లాడర్ అంచనాకు ప్రామాణిక దోషం కట్టే మాక్ పత్రం 1993 నాటిది. వాటిని వాటికన్నా బాగా మీరు చెప్పనక్కర్లేదు. ఆ పద్ధతి ఏ పరిస్థితిలో మోసం చేస్తుందో, దాన్ని ముందే ఎలా పసిగట్టాలో మీ పేజీ చెప్పాలి. అందుకు కాల్‌క్యులేటర్‌తో తిరిగి కట్టి చూడగలిగేంత చిన్న ఉదాహరణ ఉండి తీరాలి. ఒక నమూనా ఇస్తాం.

సంచిత చెల్లింపులు (అప్పటిదాకా కట్టిన మొత్తం) ఇలా ఉన్నాయనుకోండి. ప్రమాద సంవత్సరం 2021కి 12, 24, 36 నెలల దగ్గర వరసగా 1,000, 1,500, 1,650. 2022కి 1,200, 1,860. 2023కి 12 నెలల దగ్గర 1,100 మాత్రమే తెలుసు. 12 నుంచి 24 నెలలకు పెరుగుదల గుణకం: 1,500, 1,860 కలిపితే 3,360, దాన్ని 1,000, 1,200ల మొత్తం 2,200తో భాగిస్తే 1.52727. 24 నుంచి 36కి 1,650ని 1,500తో భాగిస్తే 1.10. కాబట్టి 2022 తుది నష్టం (చివరికి కట్టాల్సి వచ్చే మొత్తం) 2,046, రిజర్వు 186. 2023కి రెండు గుణకాల లబ్ధం 1.68, తుది నష్టం 1,848, రిజర్వు 748. మొత్తం రిజర్వు 934.

ఇక్కడి నుంచే పేజీకి విలువ మొదలవుతుంది. సగటు ఏ రకమో రాయాలి: పైన వాడింది మొత్తాల నిష్పత్తి. 1.50, 1.55ల మామూలు సగటు 1.525 వాడితే 2023 తుది నష్టం 1,845.25 అవుతుంది. గుణకాన్ని రెండు దశాంశాలకు సవరించి 1.53 అని వేసుకుంటే 1,851.30 వస్తుంది. ఇంత చిన్న ఉదాహరణలోనే మూడు జవాబులు. లెక్క సరిపోవడం లేదని గంటలు పోగొట్టుకునే వాళ్లలో చాలామందికి కారణం ఈ రెంటిలో ఒకటి. 36 నెలల తర్వాత ఇక పెరుగుదల లేదని, అంటే టెయిల్ గుణకం 1.000 అని అనుకున్నాం, అదీ రాయాలి. రాయని ఊహను తర్వాత వచ్చినవాళ్లు వాస్తవమనుకుంటారు.

ఇప్పుడు అదే 2023కి బోర్న్‌హ్యూటర్-ఫెర్గూసన్. ప్రీమియం 2,500, ముందస్తు నష్ట నిష్పత్తి (ప్రీమియంలో నష్టాలకు పోతుందని ముందే వేసుకున్న వాటా) 70 శాతం అనుకుంటే ముందస్తు తుది నష్టం 1,750. ఒకటిని 1.68తో భాగిస్తే 59.52 శాతం, ఆ మేరకు చెల్లింపు అయిందని అర్థం. మిగతా 40.48 శాతం మీద రిజర్వు 708.33. చెయిన్ లాడర్ ఇచ్చిన 748కి, దీనికి 39.67 తేడా. ఏది వాడాలన్న ప్రశ్నకు పేజీ జవాబు చెప్పాలంటే డేటాను కావాలని చెడగొట్టి చూపించాలి. క్లెయిముల విభాగంలో పని పేరుకుపోయి 12 నెలల చెల్లింపు 1,100కు బదులు 900 మాత్రమే నమోదైందనుకోండి. నిజమైన తుది నష్టం మారలేదు; కట్టాల్సింది ఇంకా 200 పెరిగింది. కానీ చెయిన్ లాడర్ రిజర్వు 748 నుంచి 612కు పడిపోతుంది. పెరగాల్సిన చోట తగ్గుతుంది! బోర్న్‌హ్యూటర్-ఫెర్గూసన్ రిజర్వు 708.33 దగ్గరే ఉంటుంది. అదీ చాలదు గానీ తప్పు దిశలో మాత్రం కదలదు. ఈ నాలుగు వాక్యాల కోసమే పద్ధతి పేజీ రాయాలి.

దాని కింద మీ సొంత డేటా సంగతులు పెట్టండి: ట్రయాంగిల్ స్థూలమా నికరమా (రీఇన్సూరెన్స్ వాటా తీయకముందా, తీశాకా), సర్వేయర్ ఫీజులు కలిపి ఉన్నాయా, సంవత్సరం ప్రమాదం జరిగినదా, పాలసీ మొదలైనదా, తేదీలు ఏ సిస్టమ్ నుంచి వస్తాయి. ఆ తర్వాత మినహాయింపుల పట్టిక. 2020లో లాక్‌డౌన్ల వల్ల చాలా దేశాల్లో మోటార్ క్లెయిములు తగ్గాయి, పరిష్కారాలూ ఆలస్యమయ్యాయి. ఆ ఏడాది గుణకాలను కొందరు వదిలేశారు, కొందరు ఉంచారు. రెంటికీ సమర్థన ఉంటుంది. ఏ గడి వదిలారు, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు, మళ్లీ ఎప్పుడు చూడాలి అన్న నాలుగు గళ్లూ నింపకపోతే ఆ సమర్థన ఆ మనిషితోనే వెళ్లిపోతుంది.

ప్రశ్న: మా పింఛను నిధి వికీలో ఒకే డేటా మీద రెండు పేజీలున్నాయి. ఒకటి మరణ రేటు 0.02 అంటుంది, ఇంకొకటి 0.0198 అంటుంది. ఏది తీసెయ్యాలి?

జవాబు: రెండూ ఉంచండి, పేర్లు సరిచెయ్యండి. 40 మరణాలు, 2,000 వ్యక్తి-సంవత్సరాల కేంద్రీయ ఎక్స్‌పోజర్ (అందరూ పరిశీలనలో బతికి గడిపిన మొత్తం కాలం) ఉంటే 40ని 2,000తో భాగించగా వచ్చే 0.02 కేంద్రీయ మరణ రేటు. యాక్చువరీలు చిన్న ‘ఎం’తో రాసేది. ఏడాది మొదట్లో బతికి ఉన్నవాళ్లు ఏడాదిలోగా చనిపోయే సంభావ్యత, చిన్న ‘క్యూ’, వేరు. చనిపోయిన ఒక్కొక్కరికీ సగటున మరో అర్ధ సంవత్సరం కలిపితే ప్రారంభ ఎక్స్‌పోజర్ 2,020 అవుతుంది. 40ని దానితో భాగిస్తే 0.0198. సూత్రంగా చెబితే, ఎంను ఒకటి ప్లస్ ఎంలో సగంతో భాగిస్తే క్యూ వస్తుంది, మరణాలు ఏడాది పొడవునా సమంగా పరుచుకున్నాయన్న ఊహతో.

ఇక్కడ తేడా ఒక శాతమే. కానీ ముదిమి వయసుల్లో ఎం 0.30 అయితే క్యూ 0.2609. ఎంనే క్యూ అనుకుని పట్టికలో పెడితే మరణాలు 15 శాతం ఎక్కువ చూపించినట్టు, అంటే పింఛను బాధ్యత తక్కువ చూపించినట్టు. తప్పు ఎటు లాగుతుందో కూడా పేజీలో రాయండి.

మీ ఉత్తరంలో లేని, ఇంతకన్నా పెద్ద ప్రమాదం వయసు నిర్వచనంలో ఉంది. గడిచిన పుట్టినరోజు నాటి వయసు 60 అని లెక్కపెట్టిన గుంపులో మనుషులు నిజానికి 60, 61ల మధ్య ఉంటారు. కాబట్టి వచ్చిన రేటు సుమారు 60న్నరకు చెందుతుంది. దగ్గరి పుట్టినరోజు ప్రకారం లెక్కపెడితే అది 60కే చెందుతుంది. పెద్దవాళ్లలో మరణ రేటు వయసుతో పాటు గుణకంలా పెరుగుతుందని గాంపర్ట్జ్ 1825లోనే చూపించాడు. ఎనిమిదేళ్లకు రెట్టింపు అవుతుందనుకుంటే అర్ధ సంవత్సరం జరుగుడు వల్ల రేటు 4.4 శాతం మారుతుంది. ఎం-క్యూ తేడా మధ్య వయసులో కంటికి ఆనదు గానీ, ఈ అర్ధ సంవత్సరం తప్పు పెద్దవాళ్ల ప్రతి వయసులోనూ అంతే తేడా తెస్తుంది. మరణాలను ఒక నిర్వచనంతో, ఎక్స్‌పోజర్‌ను మరో నిర్వచనంతో లెక్కపెడితే వచ్చే నిష్పత్తికి అసలు అర్థమే ఉండదు. మరణ రేట్ల పేజీ ఏదైనా సరే, మొదటి మూడు వరసల్లో రేటు రకం, వయసు నిర్వచనం, పరిశీలించిన కాలం ఉండాలని మీ వికీలో నియమం పెట్టుకోండి.

ప్రశ్న: వేర్వేరు సంస్థల్లో పనిచేసే యాక్చువరీలం కలిసి ఒక ఉమ్మడి వికీ నడపాలనుకుంటున్నాం. రహస్యాలు బయటపడకుండా ఎలా? మా ట్రయాంగిల్‌ను ఏదో ఒక అంకెతో గుణించి పెడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ట్రయాంగిల్ మొత్తాన్ని ఒకే అంకెతో గుణిస్తే పెరుగుదల గుణకాలు ఏమాత్రం మారవు. మీ సంస్థ క్లెయిములు ఎంత వేగంగా పరిష్కరిస్తుందో పోటీదారుకు పూర్తిగా తెలిసిపోతుంది, వ్యాపారం పరిమాణం ఒక్కటే దాగుతుంది. ఉదాహరణ కావాలంటే గుణకాలు మీరే ఊహించి, వాటికి కొంత యాదృచ్ఛికత కలిపి, కృత్రిమ డేటా తయారుచెయ్యండి. అది కృత్రిమమని పేజీ మీదే రాయండి.

ఎక్సెల్ ఫైళ్ల విషయంలో మరీ జాగ్రత్త. పివట్ టేబుల్ ఉన్న ఫైలులో అది ఏ డేటా నుంచి పుట్టిందో ఆ వరసలు చాలాసార్లు లోపలే దాగి ఉంటాయి. మూల షీట్ తీసేసినా పోవు. దాచిన షీట్లు, సెల్ వ్యాఖ్యలు, ఫైలు గుణాల్లో ఉండే పేర్లు కూడా అంతే. విలువలను మాత్రమే సాదా సీఎస్‌వీ ఫైలుగా మార్చి ఎక్కించండి. పింఛను డేటాలో చిన్న గుంపులు ఇంకో ప్రమాదం: 97 ఏళ్ల వరసలో ఒక్కరే ఉంటే ఆ మనిషెవరో తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది. అలాంటి వయసులను కలిపి ఒక గుంపుగా చూపించాలి.

పొరపాటున ఏదైనా ఎక్కితే పేజీలో చెరిపేసి ఊరుకోవద్దు. పాత కూర్పు చరిత్రలో అలాగే ఉంటుంది, ఎవరైనా తెరవొచ్చు. నిర్వాహకులు ఆ కూర్పును విడిగా దాచాలి లేదా తొలగించాలి. బ్యాకప్‌లో ఉన్న కాపీ సంగతి కూడా చూడాలి. ఈ పని ఎవరిదో, ఎన్ని గంటల్లో చెయ్యాలో వికీ తెరవక ముందే రాసిపెట్టుకోండి.

పోటీ చట్టాల కోణం దీనికన్నా బరువైనది. రాబోయే ప్రీమియం రేట్లు, పెంచాలనుకుంటున్న శాతం, లాభానికీ ఖర్చులకూ వేసుకునే లోడింగులు, ఏ వ్యాపారం వదులుకోబోతున్నారు, రీఇన్సూరెన్స్ ఒప్పందపు షరతులు, ఇవేవీ ఉమ్మడి పేజీలోకీ దాని చర్చా పేజీలోకీ రాకూడదు. ‘మేమైతే వచ్చే ఏడాది ఇంత అనుకుంటున్నాం’ అన్న ఒక్క వాక్యం అందరినీ ఇరికించగలదు. పద్ధతులు, బహిరంగంగా ఉన్న నియమాల అన్వయం, ప్రచురితమైన పట్టికల వాడకం, కృత్రిమ డేటా మీద నడిచే కోడ్, వీటి గురించి ఎంతైనా రాసుకోవచ్చు. నిబంధనల పేజీని ఒకసారి ఆ రంగం తెలిసిన న్యాయవాదికి చూపించండి. పేజీలకు ఒక లైసెన్సు కూడా మొదటి రోజే ఎంచుకోవాలి. తర్వాత మార్చాలంటే రాసిన ప్రతి ఒక్కరి అనుమతీ కావాలి. రాతకు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు బాగుంటాయి, కోడ్‌కు అవి సరిపడవు. కోడ్‌కు ఎంఐటీ లాంటిది పెట్టుకోండి.

ప్రశ్న: వికీ పేజీని నమ్మి నివేదికలో ఒక పద్ధతి వాడాను. తర్వాత ఎవరో ఆ పేజీ మార్చారు. తప్పు తేలితే బాధ్యత ఎవరిది?

జవాబు: సంతకం చేసినవారిదే. పేజీ రాసినవారు సహాయం చేశారు గానీ మీ పనికి పూచీ పడలేదు. అమెరికా యాక్చువరీల ప్రమాణాల్లో 41వది ఒక మంచి కొలబద్ద చెబుతుంది: అదే రంగంలో అర్హత ఉన్న మరో యాక్చువరీ మీ పని సమంజసమో కాదో నిష్పాక్షికంగా అంచనా వేయగలిగేంత స్పష్టంగా నివేదిక ఉండాలి. ‘వికీలో ఉంది’ అన్నది ఆ కొలబద్దకు అందదు. పద్ధతిని, ఊహలను నివేదికలోనే రాయాలి.

పేజీని ఆధారంగా చూపాల్సి వస్తే మామూలు లింకు ఇవ్వకండి, అది ఎప్పుడూ తాజా కూర్పునే చూపిస్తుంది. మీడియావికీలో (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్‌లో) ‘శాశ్వత లింకు’ అని ఉంటుంది; మీరు చదివిన కూర్పు సంఖ్య దానిలో ఉంటుంది. దాన్ని తేదీతో సహా పని పత్రాల్లో దాచుకోండి. ఉన్నవాటిలో సరళమైన సమీక్ష పద్ధతి ఒకటి చెబుతాం: పేజీ పైన మూడు స్థితుల్లో ఒకటి ఉండాలి, ‘చిత్తు’, ‘ఒకరు తిరిగి కట్టి చూశారు’, ‘వివాదంలో ఉంది’. రెండో స్థితికి రావాలంటే రాసినవారు కాక ఇంకొకరు ఉదాహరణను తమ సొంత షీట్‌లో మొదటి నుంచీ కట్టి, వచ్చిన అంకెను చర్చా పేజీలో వేయాలి. చదివి బాగుందనడం సమీక్ష కాదు. అంకెలు మారే దిద్దుబాటు ఏది జరిగినా స్థితి మళ్లీ ‘చిత్తు’కు దిగాలి. వివాదం వస్తే ఒకరిది చెరిపి ఇంకొకరిది పెట్టొద్దు. ఇద్దరు సమర్థులు రెండు టెయిల్ గుణకాలు ఎంచుకోవడం ఈ వృత్తిలో సహజం; రెండు వాదనలనూ వాటి పరిస్థితులతో పక్కపక్కన ఉంచితేనే చదివేవారికి మేలు.

ప్రశ్న: నియమాలు మారినప్పుడల్లా పేజీలు పాతబడుతున్నాయి. అన్నీ వెతికి మార్చడం మా వల్ల కావడం లేదు.

జవాబు: బీమా ఒప్పందాల లెక్కలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎఫ్ఆర్ఎస్ 17నే తీసుకోండి. 2017 మేలో వెలువడినప్పుడు అమలు తేదీ 2021 జనవరి 1. తర్వాత 2022కు జరపాలని ప్రతిపాదన వచ్చింది. చివరికి 2023 జనవరి 1 అని ఖరారైంది. ఆ మూడేళ్లలో రాసిన పేజీల్లో మూడు తేదీలూ కనిపిస్తాయి, మూడూ రాసిననాటికి సబబే. ఇలాంటి సంగతిని ఒకే ఒక పేజీలో రాసి, మిగతా పేజీల్లోకి దాన్ని మూసగా (టెంప్లేట్‌గా) పిలవాలి. ఒకచోట మార్చితే అంతటా మారుతుంది. డిస్కౌంట్ రేట్లు, మారకపు రేట్లు అసలు పేజీల్లో రాయకండి, అవి ఎక్కడ దొరుకుతాయో మాత్రమే రాయండి.

‘ప్రస్తుతం’, ‘ఇటీవల’, ‘వచ్చే ఏడాది’ అన్న మాటలను వికీలో నిషేధించండి. వాటి స్థానంలో తేదీ వేయండి. పాత నియమం పేజీని తుడిచేయకండి కూడా. పాత ఒప్పందాల లెక్క తిరగతోడాల్సి వచ్చినప్పుడు అప్పటి నియమమే కావాలి. ‘ఫలానా తేదీ వరకు వర్తించింది’ అని పైన రాసి, కొత్త పేజీకి దారి చూపండి.

ప్రశ్న: మా విభాగంలో అందరికన్నా అనుభవజ్ఞురాలు మూడు నెలల్లో పదవీ విరమణ చేస్తున్నారు. తెలిసినదంతా వికీలో రాయమని అడిగాం. ‘ఏం రాయాలమ్మా?’ అంటున్నారు. ఎలా అడగాలి?

జవాబు: ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. ముప్పై ఏళ్ల అనుభవం ఖాళీ పేజీ ముందు కూర్చుంటే రాదు. ఆమె రాయకూడదు, మీరు రాయాలి. ఆమె నిజంగా రిజర్వులు చూస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. ‘ముందుగా ఏ అంకె చూశారు? ఎంత ఉంటే కంగారు పడతారు?’ అని అడగండి. లెక్క ఇచ్చిన గుణకం ఒకటి, ఆమె ఎంచుకున్నది ఇంకొకటి అయిన ప్రతిచోటా ఆగండి. ఆ తేడాల్లోనే ఆమె విద్య అంతా ఉంది. గత ఎనిమిది త్రైమాసికాల ఫైళ్లు తీసి అలాంటి చోట్లన్నీ గుర్తుపెట్టుకుని వెళితే ఒక్కో గంట కూర్చున్నా చాలా వస్తుంది. క్లెయిముల విభాగంలో ఎవరితో మాట్లాడతారు, ఏ మార్పు జరిగితే వాళ్లు చెప్పకపోయినా అంకెల్లో కనిపెడతారు అన్నదీ అడగండి.

అదే రోజు పేజీ రాసి, మర్నాడు ఆమెకు చూపించండి. ఖాళీ పేజీ నింపలేనివారు తప్పు పేజీని మాత్రం ఇష్టంగా దిద్దుతారు. ఆఖరి నెల ఆమెను పని చెయ్యనివ్వకండి: మీరే పేజీల సాయంతో లెక్కలు ముగించండి, ఆమె చూస్తూ ఉండాలి. మీరు ఎక్కడ ఆగిపోతే అక్కడ పేజీ లోపం ఉన్నట్టు. వెళ్లిపోయాక అది తెలియడం కన్నా ఇది మేలు.

ప్రశ్న: ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? కోడ్, స్ప్రెడ్‌షీట్లు వికీలోనే పెట్టొచ్చా?

జవాబు: అందరూ అన్నీ చూడొచ్చనుకుంటే మీడియావికీ. కొన్ని పేజీలు కొందరికే కనబడాలనుకుంటే అది వద్దు. పేజీ పేజీకి చదివే హక్కు విడగొట్టడానికి దాన్ని కట్టలేదు, పైపై పొడిగింపులతో పూర్తి భద్రత రాదు. డోకువికీ అనే మరో వికీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఏర్పాటు లోపలే ఉంది. పేజీలు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, డేటాబేస్ అక్కర్లేదు, బ్యాకప్ తేలిక. చిన్న టీమ్‌కు అది చాలు. గణిత సూత్రాలకు మీడియావికీలో మ్యాథ్ పొడిగింపు, డోకువికీలో విడి ప్లగిన్ కావాలి.

కోడ్‌ను గిట్‌లో (ప్రతి మార్పునూ కూర్పుగా దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉంచండి, పేజీలో దాని ఫలానా కూర్పుకు లింకు ఇవ్వండి. పేజీలో అతికించిన కోడ్‌ను ఎవరూ నడిపి చూడరు, కాబట్టి అది చెడిపోయినా తెలియదు. పైన చెప్పిన 934 లాంటి అంకె వస్తుందో లేదో చూసే చిన్న పరీక్షను కోడ్ పక్కనే ఉంచితే, మార్పు జరిగిన ప్రతిసారీ పేజీ, కోడ్ ఒకే మాట చెబుతున్నాయో లేదో దానంతటదే తేలుతుంది.

ప్రశ్న: నేను యాక్చువరీ పరీక్షలు రాస్తున్నాను. నా నోట్సు ఉమ్మడి వికీలో పెట్టొచ్చా? పెద్దవాళ్లు నవ్వుతారేమో.

జవాబు: తప్పకుండా పెట్టండి. కొత్తగా నేర్చుకున్నవారికే ఎక్కడ తికమక పడతామో గుర్తుంటుంది. అనుభవజ్ఞులు ఆ మెట్టును మరిచిపోయి ఉంటారు. అయితే స్టడీ మెటీరియల్‌లోని వాక్యాలు, ప్రశ్నపత్రాల జవాబులు కాపీ చేయకండి, వాటికి హక్కుదారులున్నారు. సొంత మాటలు, సొంత అంకెలతో రాయండి. గుర్తులు మాత్రం సొంతవి కనిపెట్టొద్దు: 1898లో లండన్‌లో జరిగిన రెండో అంతర్జాతీయ యాక్చువరీల మహాసభ ఒప్పుకున్న సంకేతాలనే ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. యాన్యుటీ (క్రమం తప్పక వచ్చే చెల్లింపుల వరస) గుర్తులో కాలపరిమితి మీద వచ్చే మూల గీత వికీల గణిత లిపిలో నేరుగా రాదు. గణిత పత్రాలు కూర్చే లేటెక్‌లో దానికి ప్యాకేజీ ఉన్నా మీడియావికీ దాన్ని ఎక్కించుకోదు. పైగీత పెట్టి, దాని కుడి చివర నిలువు గీత కలిపితే సరిపోతుంది. దాన్ని ఒక మూసగా చేసి అందరికీ ఇవ్వండి. ఉమ్మడి వికీకి మీరు చేసే మొదటి దిద్దుబాటు అదే కావచ్చు.